లాయంలో దుమ్ము.. లారీలో బిగికట్టు: గుర్రం ఊపిరికి పొంచి ఉన్న ముప్పు

* గాలి, వెలుతురు, తల దించుకునే వీలు ఉంటే శ్వాసకోశ వ్యాధుల నివారణ సాధ్యమే
* పెళ్లిళ్ల కాలంలో పెంపకందారులు తప్పక పాటించాల్సిన జాగ్రత్తలు

నిజామాబాద్: గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నది పాత సామెత. పని చేసినా చేయకున్నా గుర్రానికి తిండి ఖర్చు తప్పదని దాని భావం. ఆ ఖర్చు ఎరిగిన యజమానులు ఉలవలు, తవుడు, గడ్డి లెక్క పూటపూటా చూసుకుంటారు. అయితే ఆ మూగజీవి రాత్రింబవళ్లు పీల్చే గాలి ఎలా ఉందన్నది మాత్రం పట్టించుకునేవారు అరుదు. కాలి కుంటు కంటికి కనిపిస్తుంది. ఊపిరితిత్తుల్లో మొదలైన చేటు కనిపించదు. అది దగ్గుగా బయటపడేసరికి ఆలస్యమవుతోంది.

ఆటోలు వచ్చాక జట్కాలు దాదాపు కనుమరుగయ్యాయి. నేడు తెలంగాణ పట్టణాల్లో గుర్రాలను పోషిస్తున్న కుటుంబాల్లో అధిక భాగం పెళ్లి ఊరేగింపులపైనే ఆధారపడి జీవిస్తున్నాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణ మాసాల్లో వచ్చే ముహూర్తాలే వారికి ఏడాది ఆదాయం. ముహూర్తాల వేళ గుర్రం దగ్గుతూ నిలబడిపోతే ఆ కుటుంబానికి ఆ ఏడు పంట పోయినట్టే. దగ్గుతున్న గుర్రానికే జీను వేసి ఊరేగింపునకు పంపితే, ఆ ఏడుతో పాటు గుర్రమూ చేజారే ప్రమాదం ఉంది. లాయంలోనూ లారీలోనూ కాస్త శ్రద్ధ వహిస్తే ఈ నష్టంలో చాలా భాగాన్ని తప్పించుకోవచ్చు. ఇందుకు కావాల్సింది ఖరీదైన మందులు కాదు. స్వచ్ఛమైన గాలి, గుర్రం తన తల దించుకునే వెసులుబాటు. ఈ రెండూ పైసా ఖర్చు లేనివే.

ముక్కుతోనే శ్వాస

మనిషికి ముక్కు దిబ్బడ వేస్తే నోటితో గాలి పీల్చుకోగలడు. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. దాని గొంతు నిర్మాణం వల్ల ముక్కు రంధ్రాల ద్వారానే శ్వాస తీసుకోవాలి. ముక్కు మార్గంలో వాపు వచ్చినా, చీమిడి పేరుకున్నా మరో దారి ఉండదు.

విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతమైన గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు శ్వాస తీసుకుంటుంది. ఒక్కో శ్వాసకు సుమారు 5 లీటర్ల గాలి లోపలికి వెళుతుంది. నిమిషానికి 12 శ్వాసల చొప్పున లెక్క వేసినా 60 లీటర్లు, రోజుకు 86,400 లీటర్లు. ఇది కట్టుకొయ్య దగ్గర ఊరికే నిలబడిన గుర్రం లెక్క. పరుగు తీసేటప్పుడు శ్వాసల సంఖ్య నిమిషానికి 120 దాటుతుంది. ఇంత గాలితో పాటు అందులోని దుమ్ము, బూజు, ఘాటు వాయువులు కూడా లోపలికి చేరుతాయి.

ఈ మలినాలను బయటకు తోసేందుకు ప్రకృతి ఒక ఏర్పాటు చేసింది. శ్వాసనాళం లోపలి గోడల నిండా కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. దానిపై పల్చని జిగురు పొర పరచుకుని ఉంటుంది. గాలిలోని దుమ్ము, క్రిములు ఆ జిగురుకు అంటుకుంటాయి. నూగు అలలు అలలుగా కదులుతూ ఆ జిగురును గొంతు వైపు నెడుతుంది. అక్కడికి చేరిన జిగురును గుర్రం మింగేస్తుంది, లేదా చీమిడిగా వదిలేస్తుంది. బయట మేసే గుర్రం రోజులో అధిక భాగం తల నేలకు దించి గడ్డి కొరుకుతూ గడుపుతుంది. తల కిందికి ఉన్నప్పుడు జిగురు సులువుగా కిందికి జారి ముక్కు గుండా బయటకు వస్తుంది. గుర్రం శరీరం ఈ తీరుకే అలవాటు పడింది. మనిషి దాన్ని నాలుగు గోడల మధ్య కట్టి, మేతను ఎత్తున వేలాడదీసి, తలను పైకి బిగించినప్పుడు ఈ ఏర్పాటు దెబ్బతింటోంది.

దుమ్ము పుట్టేది గడ్డిలోనే

లాయంలోని గాలిని పాడుచేసేవాటిలో మొదటిది ఎండుగడ్డి. వరికోతలు యంత్రాలతో సాగుతున్న ఈ రోజుల్లో పొలంలో పడిన గడ్డిని యంత్రంతోనే కట్టలుగా చుట్టిస్తున్నారు. గడ్డి పూర్తిగా ఆరకముందే చుట్టినా, చుట్టాక వానకు తడిసినా కట్ట లోపల వేడి పుడుతుంది. ఆ వేడిలో బూజు అల్లుకుంటుంది. పైకి పచ్చగా, బంగారు రంగులో కనిపించే కట్టను విప్పితే లోపల తెల్లని, బూడిద రంగు పొడి రాలుతుంది. ఆ పొడిలో కోట్ల సంఖ్యలో బూజు బీజాలు ఉంటాయి. అవి అతి సూక్ష్మమైనవి కావడంతో ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతుకు చేరిపోతాయి.

వేరుశనగ కట్టెలో మట్టి ఎక్కువ. జొన్నచొప్ప నల్లబడితే అందులోనూ బూజు ఉన్నట్టే. పొడి తవుడు తొట్టిలో పోయగానే లేచే ధూళి నేరుగా గుర్రం ముక్కులోకి వెళుతుంది. కింద పరిచే ఊక, రంపపు పొట్టు సన్నగా ఉంటే గుర్రం కాలు కదిపినప్పుడల్లా ధూళి లేస్తుంది. లాయం మొత్తం గాలి బాగానే ఉన్నట్టు తోచినా, మేతలో ముక్కు పెట్టిన గుర్రం పీల్చే గాలి వేరు. యజమాని నిలబడిన చోట లేని దుమ్ము గుర్రం ముక్కు దగ్గర ఉంటుందని గుర్తించాలి.

దగ్గుతో మొదలై డొక్క ఎగురు దాకా

దుమ్ము, బూజు రోజుల తరబడి లోపలికి వెళితే కొన్ని గుర్రాల ఊపిరిగొట్టాలు వాచి, ముడుచుకుపోతాయి. లోపల జిగురు చిక్కబడి పేరుకుంటుంది. మనుషుల్లో ఉబ్బసం వంటిదే ఇది. పశువైద్యులు నేడు దీన్ని గుర్రపు ఆస్తమాగానే వ్యవహరిస్తున్నారు. ఇది అంటువ్యాధి కాదు. ఒక గుర్రం నుంచి మరో గుర్రానికి సోకదు. కానీ ఒకే లాయంలో ఒకే గడ్డి తినే గుర్రాలు రెండు మూడు ఒకేసారి దగ్గుతుంటే అంటువ్యాధి అని పొరబడటం కద్దు. జ్వరం లేకుండా, మేత మానకుండా వారాల తరబడి దగ్గు ఉంటే ముందుగా గడ్డిని అనుమానించాలి.

తొలి దశలో గుర్తులు స్వల్పంగా ఉంటాయి. జీను వేసి నడిపించగానే రెండు మూడు సార్లు దగ్గుతుంది. మేత వేసినప్పుడు దగ్గుతుంది. పని అయ్యాక ముక్కు నుంచి తెల్లని చీమిడి కారుతుంది. మునుపటిలా చురుకు ఉండదు. త్వరగా అలసిపోతుంది. ‘గుర్రమన్నాక ఒకటి రెండు దగ్గులు మామూలే’ అని సరిపెట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం ఊరికే దగ్గదు.

వ్యాధి ముదిరితే నిలబడి ఉన్నప్పుడు కూడా ముక్కు పుటాలు విప్పారి ఉంటాయి. గాలి బయటకు వదలడం కష్టమై, ఊపిరి వదిలే ప్రతిసారీ పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. డొక్కలు ఎగిరెగిరి పడతాయి. నెలల తరబడి ఇలా సాగితే ఆ కండరం లావెక్కి పక్కటెముకల అంచు వెంబడి ఒక గీత ఏర్పడుతుంది. గుర్రం చిక్కిపోతుంది. ఈ దశకు చేరిన జంతువును పూర్వస్థితికి తేవడం దుర్లభం. ఊపిరిగొట్టాలను విప్పార్చే మందులు, వాపు తగ్గించే మందులు పశువైద్యుల వద్ద ఉన్నాయి. అయితే గడ్డిలో దుమ్ము అలాగే ఉంచి మందులు మాత్రమే వాడితే అవి నిలిచే మేలు చేయవు. మందు ప్రభావం తగ్గగానే దగ్గు తిరిగి వస్తుంది.

గాలి ఆడే లాయం

లాయానికి పైకప్పు ఎంత ముఖ్యమో, గాలి వచ్చిపోయే దారులూ అంతే ముఖ్యం. వేడి గాలి పైకి లేస్తుంది కాబట్టి కప్పు దగ్గర అది బయటకు పోయే సందు ఉండాలి. ఎదురెదురు గోడల్లో కిటికీలు ఉంటే చల్లని గాలి లోపలికి వస్తుంది. రేకుల షెడ్డును మూడు వైపులా గోడ కట్టి, నాలుగో వైపు పట్టా దించితే అది లాయం కాదు, ఆవిరి గది. శీతాకాలంలో చలి వేస్తుందని కిటికీలకు గోనెపట్టాలు కట్టడం జిల్లాలో సాధారణంగా కనిపించే దృశ్యం. గుర్రం పొడి చలిని బాగానే తట్టుకుంటుంది, కుళ్లిన గాలిని తట్టుకోలేదు. చలికి ఒంటిపై కంబళి కప్పాలి గానీ గాలిదారి మూయరాదు.

మూత్రం, లద్దె నుంచి పుట్టే అమ్మోనియా మరో శత్రువు. తెల్లవారి లాయం తలుపు తీయగానే కళ్లు మండేంత ఘాటు వస్తే ఆ వాయువు అప్పటికే మితి మీరిందని అర్థం. అది నేలకు దగ్గరగా ఎక్కువగా ఉంటుంది. గుర్రం పడుకున్నప్పుడు, కింద పడిన మేతను ఏరుకున్నప్పుడు దాన్నే పీలుస్తుంది. ఈ వాయువు శ్వాసనాళంలోని సన్నని నూగును దెబ్బతీస్తుంది. అందుకే తడిసిన గడ్డిని ఏ రోజుకా రోజు తీసివేయాలి. మూత్రం ఒకచోట నిలవకుండా నేల కొద్దిగా వాలుగా ఉండి, బయటకు కాలువ ఉండాలి.

ఊడ్చే వేళ కూడా ముఖ్యమే. గుర్రం లోపల ఉండగానే చీపురు పట్టి దుమ్ము రేపడం పరిపాటిగా మారింది. ముందు గుర్రాన్ని బయట కట్టి, నేలపై నీళ్లు చిలకరించి, ఆ తర్వాత ఊడ్వాలి. దుమ్ము అణిగాకే తిరిగి లోపలికి తేవాలి. గుర్రం లోపల ఉండగా పొడి సున్నం చల్లడం తగదు. గడ్డివామును లాయం పక్కనే, లేదా లాయం అటకపై పెట్టడం కూడా మంచిది కాదు. కట్టలు లాగిన ప్రతిసారీ బూజు కిందికి రాలుతుంది.

దోమలను తరిమేందుకు సాయంత్రం వేపాకు, పిడకలతో పొగ పెట్టడం పల్లెల్లో తరతరాల అలవాటు. మూసి ఉన్న లాయంలో ఆ పొగ దోమలకన్నా ముందు గుర్రానికే చేటు చేస్తుంది. దోమతెర కట్టడం, పంకా ఉంటే వేయడం, పరిసరాల్లో నీరు నిలవకుండా చూడటం ఇందుకు మెరుగైన మార్గాలు.

తడిపిన మేత, నేల మీది తొట్టి

మేత విషయంలో రెండు మార్పులు చేస్తే చాలు. మొదటిది తడపడం. ఎండుగడ్డిని శుభ్రమైన నీటిలో 10 నుంచి 30 నిమిషాలు పూర్తిగా ముంచి, నీరు కారాక వేస్తే లేచే దుమ్ము బాగా తగ్గుతుంది. పైపైన నీళ్లు చిలకరిస్తే లోపలి గడ్డి పొడిగానే ఉండిపోతుంది. అలాగని గంటల తరబడి నానబెట్టడం తగదు. గడ్డిలోని పోషకాలు నీటిలోకి దిగిపోతాయి. మన ఎండలకు తడి గడ్డి త్వరగా పులుస్తుంది కూడా. ఏ పూటకు ఆ పూట తడిపి, మిగిలిన గడ్డిని తీసివేయాలి. నానబెట్టిన నీటిని పారబోయాలి. బూజు పట్టిన గడ్డిని తడిపినా పనికి రాదు. దాన్ని ఎరువు గుంతలో వేయడమే ఉత్తమం.

ఉలవలను ఉడికించి గుగ్గిళ్లుగా పెట్టే పాత అలవాటులో దుమ్ము సమస్య లేదు. తవుడును మాత్రం నీటితో ముద్దగా కలిపి పెట్టాలి.

రెండోది ఎత్తు. గడ్డిని వలలో కట్టి తలకన్నా ఎత్తున వేలాడదీస్తే దుమ్ము కళ్లలో, ముక్కులో రాలుతుంది. తల పైకెత్తి తినడం వల్ల లోపలి జిగురు బయటకు రాదు. తొట్టి నేల మీద, లేదా మోకాలి ఎత్తులో ఉండాలి. పగటిపూట కొన్ని గంటలైనా చెట్టు నీడన వదిలి, నేల మీది పచ్చిక మేయనిస్తే అంతకు మించిన వైద్యం లేదు.

ఊరేగింపులో పొగ

పెళ్లి ఊరేగింపులో గుర్రం ముందు బాణసంచా, వెనుక దీపాలకు విద్యుత్ ఇచ్చే జనరేటర్ బండి ఉంటాయి. ఇరుకు వీధిలో డీజిల్ పొగ, మందుగుండు పొగ రెండూ గంటల కొద్దీ గుర్రం పీల్చాల్సి వస్తుంది. వరుడి కూర్పు చెదరకుండా కళ్లెం బిగించి తల పైకి పట్టడం దీనికి తోడు. బేరం కుదుర్చుకునే సమయంలోనే యజమానులు జనరేటర్ బండిని గుర్రానికి దూరంగా, గాలివాలుకు అవతల ఉంచాలని షరతు పెట్టుకోవాలి. బాణసంచా కాల్చే చోటుకు గుర్రాన్ని ఎడంగా నిలపాలి. ఊరేగింపు ముగిశాక వెంటనే షెడ్డులో కట్టేయకుండా ఆరుబయట కాసేపు నెమ్మదిగా నడిపించి, నీళ్లు పెట్టి, తల దించుకుని మేసే వీలు కల్పించాలి.

దగ్గుతున్న గుర్రాన్ని ఊరేగింపునకు పంపడం ఏ విధంగా చూసినా నష్టమే. ఒక రాత్రి కిరాయి కోసం నెలల కిరాయి పోగొట్టుకున్నట్టవుతుంది.

లారీ ప్రయాణం.. తల బిగిస్తే తంటా

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా లోహా తాలూకా మాలేగావ్‌లో ఏటా చలికాలంలో ఖండోబా జాతర జరుగుతుంది. గుర్రాల క్రయవిక్రయాలకు అది పేరుపొందింది. మార్వాడీ, కాఠియావాడీ జాతి గుర్రాల కోసం రాజస్థాన్, గుజరాత్ దాకా వెళ్లి కొనేవారూ ఉన్నారు. కొన్న గుర్రం ఇల్లు చేరేది లారీలోనే. ఆ లారీ ప్రయాణమే దాని ఊపిరికి అసలు పరీక్ష.

కుదుపులకు గుర్రం పడిపోకుండా, పక్క గుర్రాన్ని కొరకకుండా తలను పైకి బిగించి కట్టడం ఆనవాయితీ. తల అలా గంటల తరబడి పైకే ఉంటే శ్వాసనాళంలోని జిగురు కిందికి, అంటే ఊపిరితిత్తుల వైపే చేరుతుంది. ముక్కు, గొంతులో మామూలుగా ఉండే క్రిములు దానితో పాటు లోపలికి దిగి పెరుగుతాయి. ప్రయాణం లేకుండానే, కేవలం తల ఎత్తి కట్టి ఉంచినంత మాత్రాన శ్వాసనాళంలో క్రిములు పెరుగుతాయని ఆస్ట్రేలియా పశువైద్య పరిశోధకులు 1990లోనే వెల్లడించారు. దీనికి లారీలోని దుమ్ము, మూత్రపు ఘాటు, వేడి, దాహం, భయం తోడైతే గుర్రం వ్యాధి నిరోధక శక్తి తగ్గుతుంది. ఫలితంగా న్యుమోనియా వస్తుంది. ముదిరితే ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొరల మధ్య నీరు, చీము చేరి ప్రాణాల మీదకు వస్తుంది. దూర ప్రయాణాల తర్వాత వచ్చే ఈ వ్యాధిని ప్రయాణ జ్వరంగా పిలుస్తారు. ప్రయాణం 10, 12 గంటలు దాటిన కొద్దీ దీని ముప్పు పెరుగుతుంది.

జంతువుల రవాణా నియమావళి, 1978 గుర్రాల తరలింపునకు స్పష్టమైన నిబంధనలు విధించింది. ఒక లారీలో నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించి ఎక్కించరాదు. కాళ్లు జారకుండా నేలపై తగిన ఏర్పాటు ఉండాలి. ఒక్కో గుర్రానికి మధ్య కనీసం 8 సెంటీమీటర్ల లావు వెదురు బొంగులు అడ్డంగా కట్టాలి. ఎదురుగా వచ్చే వాహనాలకు బెదరకుండా తలలు ఎడమ వైపునకు ఉండాలి. ఎక్కించేందుకు వాలు బల్ల ఉండాలి. వేగం గంటకు 35 కిలోమీటర్లు మించరాదు. ప్రయాణానికి గుర్రం తగిన ఆరోగ్యంతో ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి.

ఈ వేగం లెక్కన ప్రయాణ కాలాన్ని ముందే అంచనా వేసుకోవచ్చు. నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు రోడ్డు మార్గం దాదాపు 280 కిలోమీటర్లు. ఆగకుండా నడిపినా 8 గంటలు పడుతుంది. రాజస్థాన్‌లోని పుష్కర్ నుంచైతే 1,300 కిలోమీటర్లకు పైనే. అంటే 37 గంటలకు పైగా లారీ కదులుతూనే ఉండాలి. అంతసేపు తల బిగించి నిలబెట్టడం జబ్బును కొని తెచ్చుకోవడమే. దూర ప్రయాణాన్ని రెండు మూడు మజిలీలుగా విడగొట్టి, రాత్రిళ్లు గుర్రాలను దించి విశ్రాంతి ఇవ్వడం తప్ప మార్గాంతరం లేదు.

దూర ప్రయాణాల విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో 2025 వేసవి గుర్తు చేసింది. ఆ ఏడాది ఏప్రిల్ నెలాఖరు, మే తొలి రోజుల్లో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు 57 గుర్రాలను రోడ్డు మార్గంలో తరలించారు. చేరిన కొద్ది రోజుల్లోనే వాటిలో ఎనిమిది మరణించాయి. ఆ వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. మండు వేసవిలో వందల కిలోమీటర్ల ప్రయాణం గుర్రానికి ఎంత భారమన్నది ఆ ఘటనతో దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది.

ఎక్కించే ముందు.. దించిన తర్వాత

దగ్గు, చీమిడి, జ్వరం ఉన్న గుర్రాన్ని లారీ ఎక్కించరాదు. బయలుదేరే ముందు కడుపునిండా నీరు తాగించాలి. వేసవిలో చల్లబడిన తర్వాత, రాత్రి వేళ ప్రయాణం మంచిది. లారీపై ఎండ, వాన తగలకుండా పట్టా ఉండాలి గానీ, పక్కలు మూసేయకూడదు. ముందు వెళ్లే వాహనాల పొగ, రోడ్డు దుమ్ము నేరుగా ముఖాన కొట్టకుండా ముందు భాగంలో అడ్డు ఉండాలి. ముఖం ముందు ఎండుగడ్డి వల వేలాడదీయడం కన్నా, ఆగినప్పుడు తడిపిన గడ్డి నేలపై వేయడం మేలు.

కట్టుతాడు గుర్రం తన తలను కనీసం మోకాళ్ల దాకా దించుకునేంత పొడవు ఉండాలి. కాళ్లలో చిక్కుకుంటుందన్న భయం ఉంటే మనిషి తోడుగా ఉండి గమనించాలి. నాలుగు గంటలకు ఒకసారి లారీ ఆపి, అరగంట పాటు తాడు వదులు చేసి, నీళ్లు పెట్టి, తల దించుకోనివ్వాలి. ఆ సమయంలోనే లద్దె, తడిసిన గడ్డి తీసివేయాలి. తల దించగానే గుర్రం చీదడం, ముక్కు నుంచి జిగురు కారడం కనిపిస్తే భయపడనక్కర లేదు. లోపల చేరిన మలినం బయటకు వస్తోందని అర్థం.

గమ్యం చేరాక అసలు కాపలా మొదలవుతుంది. ప్రయాణ జ్వరం దించిన వెంటనే కనబడకపోవచ్చు. రెండు మూడు రోజుల తర్వాత బయటపడవచ్చు. ఆ మూడు రోజులూ ఉదయం, సాయంత్రం గుదమార్గంలో థర్మామీటరు పెట్టి జ్వరం చూడాలి. పెద్ద గుర్రానికి 99 నుంచి 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు మామూలు. అంతకు మించితే, మేత మానితే, నడవడానికి ఇష్టపడక ముంగాళ్లు ఎడం చేసి నిలబడితే, ముక్కు నుంచి దుర్వాసనతో కూడిన చీమిడి వస్తే క్షణం ఆలస్యం చేయకుండా పశువైద్యుడిని పిలవాలి. ఈ వ్యాధిలో తొలి రోజు చేసే చికిత్సకు, నాలుగో రోజు చేసే చికిత్సకు ఫలితంలో చాలా తేడా ఉంటుంది. దించిన మరునాడే ఊరేగింపునకు ఒప్పుకోవడం ఎంతమాత్రం తగదు.

కొత్త గుర్రం.. వేరే కట్టుకొయ్య

జాతర నుంచి తెచ్చిన గుర్రాన్ని పాతవాటి పక్కన కట్టేయడం మరో పొరపాటు. కనీసం రెండు, మూడు వారాలు దూరంగా, వేరే తొట్టి, వేరే బకెట్టుతో ఉంచాలి. పాత గుర్రాల పని ముగించాకే కొత్తదాని దగ్గరకు వెళ్లాలి. జాతరలో అనేక ప్రాంతాల గుర్రాలు ఒకచోట చేరతాయి కాబట్టి గుర్రపు ఫ్లూ, గొంతు కింద గడ్డలు లేచే స్ట్రాంగిల్స్ వంటి అంటువ్యాధులు అక్కడి నుంచి సులువుగా వస్తాయి. దేశంలో 1987లో ఒకసారి, 2008–09లో మరోసారి గుర్రపు ఫ్లూ చెలరేగింది. రెండోసారి జమ్మూలోని కట్రాలో మొదలై అనేక రాష్ట్రాలకు పాకింది. ఫ్లూ వచ్చిన గుర్రం వారంలో కోలుకున్నట్టు కనిపించినా, దెబ్బతిన్న శ్వాసనాళపు నూగు తిరిగి మొలవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా విశ్రాంతి ఇవ్వకపోతే దగ్గు దీర్ఘకాలం వెంటాడుతుంది. ఫ్లూ టీకా విషయంలో పశువైద్యుడి సలహా తీసుకోవాలి.

అన్నింటికన్నా భయంకరమైనది గ్లాండర్స్. ముక్కులో పుండ్లు, జిగటగా చీమిడి, చర్మంపై వరుసగా గడ్డలు దీని లక్షణాలు. గాడిదలకు, కంచర గాడిదలకు కూడా వస్తుంది. మనుషులకూ సోకుతుంది, ప్రాణాంతకం కాగలదు. దీనికి టీకా లేదు. జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009 ప్రకారం అనుమానం కలిగినా అధికారులకు తెలియజేయాలి. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం రక్త నమూనాలను పరీక్షిస్తుంది. వ్యాధి నిర్ధారణ అయిన జంతువుకు చికిత్స చేయరు. ఇతర జంతువులు, మనుషుల క్షేమం దృష్ట్యా దాన్ని తొలగిస్తారు. జీవనాధారం పోతుందన్న భయంతో దాచిపెడితే ఇంటిల్లిపాది ప్రాణాలకే ముప్పు. అనుమానం ఉన్న గుర్రం చీమిడిని ఒట్టి చేతులతో తుడవరాదు.

గొట్టంతో మందు వద్దు

దగ్గు కనబడగానే తల పైకెత్తి, వెదురు గొట్టంతోనో సీసాతోనో నూనె, కషాయం పోయడం పలుచోట్ల నేటికీ సాగుతోంది. బలవంతంగా పోసిన ద్రవం గొంతులోకి బదులు శ్వాసనాళంలోకి దిగితే న్యుమోనియా వచ్చి గుర్రం చనిపోయే ప్రమాదం ఉంది. దగ్గు తగ్గించబోయి ప్రాణం తీసినట్టవుతుంది. మనుషుల దుకాణంలో కొన్న సూదిమందులు సొంతంగా వేయడమూ ప్రమాదకరమే. సమీప పశువైద్యశాలను గానీ, సంచార పశువైద్య సేవల 1962 నంబరును గానీ సంప్రదించాలి.

నిత్యం గమనించాల్సినవి

* తెల్లవారి మేత వేసే ముందు, గుర్రం నిశ్చలంగా ఉన్నప్పుడు డొక్క కదలికలను బట్టి నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కించాలి. 16 దాటితే కారణం వెతకాలి.
* ముక్కు రంధ్రాలు రెండింటినీ చూడాలి. పల్చని నీరు అరుదుగా కనిపిస్తే పర్వాలేదు. పసుపు, ఆకుపచ్చ చీమిడి ప్రమాద సూచన.
* లాయంలో గుర్రం ముక్కు ఎత్తున వంగి గాలి పీల్చి చూడాలి. ఘాటు తగిలితే నేల శుభ్రం చేయాలి.
* గడ్డి కట్ట విప్పి, ఎండలో దులిపి చూడాలి. పొడి లేచినా, ముక్క వాసన వచ్చినా గుర్రానికి వేయరాదు.
* ఏ రోజు దగ్గింది, ఏ గడ్డి వేశారు, ఎప్పుడు ప్రయాణం చేసింది అన్నవి ఒక పుస్తకంలో రాసుకుంటే పశువైద్యుడికి కారణం తేలికగా దొరుకుతుంది.

విశాఖ మన్యంలో సంతకు సరుకు మోసే గుర్రమైనా, పట్టణంలో వరుడిని మోసే గుర్రమైనా, పందెపు బాటలో పరుగెత్తే మేలుజాతి అశ్వమైనా ఊపిరి విషయంలో తేడా లేదు. దాణాకు తక్కువ చేయని యజమాని గాలికి కూడా తక్కువ చేయకపోతే చాలు. గడ్డిని తడపడానికి ఒక తొట్టెడు నీళ్లు, తాడు వదులు చేయడానికి ఒక్క ముడి విప్పే శ్రమ.. గుర్రానికైనా, దాన్ని నమ్ముకున్న కుటుంబానికైనా అంతకు మించిన రక్షణ లేదు.